బొమ్మ పక్కన అక్షరం

తొంభైల్లో హైదరాబాద్‌లో ఎవరైనా ఆర్టిస్టు షో పెడుతున్నారంటే ముందు ఇన్విటేషన్ కార్డు తయారయ్యేది. ఒకవైపు బొమ్మ, రెండోవైపు ప్రారంభించే పెద్దమనిషి పేరు, తేదీ, టైము. దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే. ఆ కార్డులు చేరే ఇళ్లు కూడా ఏ షోకైనా ఇంచుమించు అవే. బొమ్మలు కొనేవాళ్లు, తోటి ఆర్టిస్టులు, పేపర్లవాళ్లు, కొందరు ఆఫీసర్లు. కార్డుల ఖర్చు పోను ఏమైనా మిగిలితే అప్పుడు పోస్టర్ మాట వచ్చేది. ఆ పోస్టర్ పని నాది. చాలా ఏళ్లు చేశాను, మనసుపెట్టి చేశాను.

కార్డంటే నాకు చిన్నచూపేం లేదు. కాకపోతే కార్డు పిలవాలనుకున్నవాళ్లనే పిలుస్తుంది. పోస్టర్‌కి లిస్టు ఉండదు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి గ్రూప్ పరీక్షలు చదువుకోడానికి వచ్చిన కుర్రాడు చూస్తాడు. రవీంద్రభారతికి నాటకం చూడ్డానికొచ్చిన కుటుంబం చూస్తుంది. ఇరానీ కేఫ్‌లో చాయ్ తాగుతూ ఎదురు గోడ మీదికి చూపు పోయిన మనిషి చూస్తాడు. వీళ్లలో ఎక్కువమంది గ్యాలరీ గడప తొక్కరు, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ఈ ఊళ్లో బొమ్మలు వేసే మనిషి ఒకరున్నారని, ఆ బొమ్మలు ఫలానా చోట ఫలానా రోజు దాకా ఉంటాయని వాళ్లకి తెలుస్తుంది. ప్రదర్శన మొత్తంలో వాళ్లు చూసేది ఆ ఒక్క కాగితమే. అందుకని ఆ కాగితం మీద ఏముండాలన్నది నాకు ఎప్పుడూ పెద్ద విషయంగానే అనిపించేది.

మాసాబ్‌ట్యాంక్ ఫైనార్ట్స్ కాలేజీలో అప్లైడ్ ఆర్ట్ చదివాను. 1940లో సెంట్రల్ స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్‌గా మొదలైన కాలేజీ అది. 1972లో జేఎన్‌టీయూలోకి వచ్చింది, 2008లో విడిగా యూనివర్సిటీ అయింది. పెయింటింగ్ క్లాసు దగ్గర టర్పెంటైన్ వాసన, మా క్లాసులో పోస్టర్ కలర్ సీసాలు, రూలింగ్ పెన్నులు, సెట్‌స్క్వేర్లు. లెటరింగ్ అంటే ప్రాణం పెట్టేవాణ్ణి. కానీ అప్పట్లో దొరికే లెటరింగ్ పుస్తకాలన్నీ రోమన్ అక్షరాలవే. గిల్ శాన్స్, బొడోనీ, హెల్వెటికా. వాటి కొలతలు కళ్లు మూసుకుని చెప్పగలిగేవాళ్లం. తెలుగు అక్షరానికి మాకు గురువులు వేరే ఉండేవారు. వారపత్రికల్లో కథల మీద బాపు గారు రాసిన హెడ్డింగులు, గోడల మీద సినిమా పోస్టర్లలో ఈశ్వర్ గారి టైటిళ్లు. పత్రిక తెరిచి, ట్రేసింగ్ పేపర్ వేసి, ఆ అక్షరాల మీద పెన్సిల్ తిప్పుతూ కూర్చునేవాళ్లం. ఒక కొమ్ము ఎక్కడ లావెక్కుతుందో, ఎక్కడ సన్నబడుతుందో చేతికి తెలియాలంటే వేరే దారి లేదు.

ఫ్రెంచి పోస్టర్ల పుస్తకం ఒకటి మా మధ్య చేతులు మారుతూ ఉండేది. 1891లో తులూజ్ లోట్రెక్ మూలాన్ రూజ్ అనే పారిస్ నాట్యశాల కోసం వేసిన లితోగ్రాఫ్ (రాతిపలక మీద గీసి తీసే అచ్చు) పోస్టర్ అందులోనే మొదటిసారి చూశాను. పారిస్‌లో ముర్లో అనే లితో ప్రెస్సు ఉండేదని, పికాసో, మతీస్ లాంటివాళ్లు అక్కడికి వెళ్లి పనిచేశారని చదివాను. అన్నిటికంటే ఎక్కువ పట్టేసినవి వల్లోరిస్ పోస్టర్లు. వల్లోరిస్ దక్షిణ ఫ్రాన్స్‌లో కుమ్మరిపనికి పేరుపడ్డ ఊరు. యాభైల్లో ఆ ఊళ్లో జరిగే ప్రదర్శనలకి పికాసో స్వయంగా లినోలియం చెక్కి పోస్టర్లు చేశాడు. బొమ్మతో పాటు అక్షరాలూ తనే చెక్కాడు. లినోలో అక్షరాన్ని తిరగేసి చెక్కాలి, అప్పుడే అచ్చులో సరిగ్గా పడుతుంది. అంత పెద్ద చిత్రకారుడు ఒక చిన్న ఊరి ప్రదర్శన కోసం ఊరి పేరు, తేదీ తిరగేసి చెక్కుతూ కూర్చున్నాడన్న విషయం నా బుర్రలో అలా ఉండిపోయింది. బొమ్మ వేరు, దాని పక్కన సమాచారం వేరు అనుకోవడం అప్పటితో మానేశాను.

మన దగ్గర సంగతి చూడండి. సిద్ధిపేట కాపు రాజయ్య గారు జానపదుల పండగలని, పనిపాటలని బొమ్మల్లోకి తెచ్చారు. తోట వైకుంఠం గారి బొమ్మల్లో పెద్ద కుంకుమబొట్టుతో, నిండు రంగుల చీరల్లో ఉండేది కరీంనగర్ పల్లెల ఆడవాళ్లు. లక్ష్మాగౌడ్ గారి ఎచింగుల్లో మెదక్ పల్లె మనుషులు, మేకలు, చెట్లు. మన పెద్ద చిత్రకారుల్లో కొందరు కాన్వాస్ మీద సంతకం కూడా తెలుగులోనే పెడతారు. ఇంతా చేసి, ఆ తరహా బొమ్మల ప్రదర్శన జరుగుతోందని చెప్పే కాగితం మీద ఒక్క తెలుగు అక్షరం ఉండదు. బొమ్మలో ఉన్న మనుషులు వచ్చి ఆ పోస్టర్ ముందు నిలబడితే వాళ్లకి అందులో చదవడానికి ఏమీ ఉండదు. నాకు ఇది చాలా బాధగా ఉండేది. అందుకే పోస్టర్ ఒప్పుకునేటప్పుడే చెప్పేవాణ్ణి, తెలుగు ఉండాలి, అదీ మూలలో చిన్నగా కాదు, బొమ్మకి సమానంగా ఉండాలి అని. కొందరు గ్యాలరీవాళ్లు ముఖం చిట్లించేవారు. తెలుగు పడితే పోస్టర్ ‘క్లాస్’ తగ్గుతుందని ఒకాయన మొహం మీదే అన్నారు. ఆయనకి రెండు డిజైన్లూ చేసి చూపించాను, ఆయన ఇంగ్లీషుదే తీసుకున్నారు. అయినా చెప్పడం మానలేదు. ఆర్టిస్టులు మాత్రం నూటికి తొంభైమంది సంతోషపడేవారు.

ఒక ఎచింగ్ ఆర్టిస్టు షో గుర్తొస్తోంది. నల్లగొండ వైపు మనిషి. జింక్ ప్లేటు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచి, సిరా పట్టించి, తడిపిన కాగితం మీద ప్రెస్సులో ఒత్తి తీసే పని ఎచింగ్. గీత వెంట్రుకంత సన్నగా వస్తుంది. దాన్ని మామూలుగా ఫోటో తీసి చుక్కల స్క్రీన్ వేసి అచ్చేస్తే ఆ గీతంతా బూడిద చుక్కలుగా విడిపోతుంది, ఎచింగ్‌లో ఉండే పదును చచ్చిపోతుంది. నేను లైన్ పాజిటివ్ తీయించాను. అంటే బూడిద ఛాయలన్నీ పోయి, నలుపు, తెలుపు మాత్రమే మిగులుతాయి. దాని కోసం బొమ్మలో గీత ఎక్కువ ఉన్న భాగాన్నే ఎంచుకోవాలి. ఆ బొమ్మలో అరక దున్నుతున్న రైతు, జోడెద్దులు, వెనక ఊరు ఉన్నాయి. నేను ఒక ఎద్దు మొహం, కొమ్ము, దాని మీద రైతు చెయ్యి వరకే తీసుకుని పోస్టర్ నిండా పెంచాను.

అన్న చూసి గతుక్కుమన్నాడు.

“ఏంది తమ్మీ, నా బొమ్మను నరికినవ్?”

“అన్నా, బొమ్మంతా ఇక్కడే పెడితే గ్యాలరీకి ఎందుకొస్తరే?”

“అట్లని ఊరు తీసేస్తవా? ఊరు లేకుంటే ఆ ఎద్దు ఎవరిది?”

ఆ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. లేఅవుట్ తీసుకుని ఇద్దరం రోడ్డు మీదికి వచ్చాం. దాన్ని ఒక పాన్‌డబ్బా పక్కన గోడకి పెట్టి పట్టుకోమని ఒక కుర్రాణ్ణి బతిమాలి, రోడ్డు దాటి అవతలి వైపు నిలబడ్డాం. మధ్యలో బస్సులు, ఆటోలు. అంత దూరం నుంచి కూడా ఆ కొమ్ము వంపు, ఎద్దు కన్ను కనిపిస్తున్నాయి. అన్న చాలాసేపు చూశాడు. “ఇంత పెద్దగా నేను కూడా చూడలే దీన్ని” అన్నాడు. తర్వాత ఒక షరతు పెట్టాడు, ఊరి పేరు ఉండాలని. పోస్టర్‌లో ఆయన పేరు కింద ఆయన ఊరి పేరు వేశాం. అది బాగుంది అనిపించి, ఒప్పుకున్న ప్రతి ఆర్టిస్టుకీ ఆ తర్వాత అలాగే వేస్తూ వచ్చాను.

ఇక అక్షరాల పని. తెలుగు రాసే ప్రతివాళ్లకీ ఇది తెలుసు కానీ, అచ్చులో పెట్టేటప్పుడు మాత్రమే అసలు సమస్య కనిపిస్తుంది. ‘చిత్రకళా ప్రదర్శన’ అని ఒక కాగితం మీద రాసి చూడండి. చి గుడి పైకి లేస్తుంది. త్ర కింద క్రావడి ఎడమవైపు నుంచి చుట్టుకొస్తుంది. ళా దీర్ఘం కుడివైపుకి సాగుతుంది. ప్ర కింద మళ్లీ క్రావడి. ర్శ కింద శ ఒత్తు వేలాడుతుంది. అంటే ఈ ఒక్క లైనుకి మూడు చోట్ల కింద బరువుంది, మిగతా చోట్ల ఏమీ లేదు. దీని కిందే గ్యాలరీ పేరు, తేదీ రావాలి. వాటి గుడులు, తలకట్లు పైకి లేచి ఈ ఒత్తులకి తగులుతాయి. తగలకుండా రెండు లైన్లనీ దూరం జరిపితే, ఒత్తు లేని చోట పెద్ద సందు పడి, రెండు లైన్లూ ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపిస్తాయి. రోమన్ అక్షరాలకి పైకి, కిందికి సాగే భాగాలున్నా ఇంత లోతు ఉండదు. అందుకే ఇంగ్లీషు పోస్టర్ చూసి, అదే లేఅవుట్‌లో అక్షరాలు మార్చి తెలుగు పెడితే ఎప్పుడూ కుదరదు. తెలుగుకి ఎక్కువ చోటు ఇవ్వాలి. ఎంత చోటు అన్నది ఆ పదాన్ని బట్టే ఉంటుంది.

నేను చేసే పద్ధతి ఇది. కావలసిన సైజుకి రెండింతలు పెద్దగా డ్రాయింగ్ షీట్ మీద పెన్సిల్‌తో రాసుకోవడం. సన్న అంచులకి రోట్రింగ్ పెన్ను, లోపల నింపడానికి రెండో నంబరు బ్రష్షు, నల్ల ఇంకు. అంచు ఎక్కడైనా వంకర పోతే తెల్ల పోస్టర్ కలర్‌తో సరిచేయడం. దాన్ని ప్రాసెస్ కెమెరాలో సగానికి తగ్గించి బ్రోమైడ్ (ఫోటో కాగితం మీద ప్రింటు) తీయిస్తే చేతి వణుకు ఏమైనా ఉన్నా కనిపించదు. తర్వాత బ్లేడుతో ఒక్కో అక్షరం కోసి, రబ్బర్ సొల్యూషన్ రాసి, బోర్డు మీద పేర్చడం. కింది లైనులో ఖాళీ సరిగ్గా పైలైను ఒత్తు కిందికి వచ్చేలా జరపడం. అక్షరం లావైన కొద్దీ లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. ‘ణ’, ‘ఋ’ లాంటివి నల్ల ముద్దలైపోతాయి. వాటి లోపల వెలుతురు మిగల్చడమే అసలు పనితనం. రాత్రి పదింటికి మొదలుపెడితే తెల్లారేదాకా టైము తెలిసేది కాదు. తర్వాత కంప్యూటర్‌లో పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, అను తెలుగు ఫాంట్లు వచ్చాయి. నేనూ వాడాను, పని చాలా తేలికైంది. హెడ్డింగ్ మాత్రం చేత్తోనే రాసి స్కాన్ చేసేవాణ్ణి.

పాతబస్తీ ఆర్టిస్టు ఒకాయన షోకి పోస్టర్‌లో ఉర్దూ కూడా కావాల్సి వచ్చింది. ఆ పని మీద ఛత్తా బజార్ వెళ్లాను. పెళ్లి కార్డులు, పోస్టర్లు, రబ్బరు స్టాంపులు, ఆ బజార్ నిండా అచ్చుపనే. చిన్న గదిలో చాప మీద, వంపు బల్ల ముందు ఒక ముసలి కాతిబ్, అంటే ఉర్దూ అక్షరాలు చేత్తో రాసే ఆయన, కూర్చుని ఉన్నారు. నేను తెచ్చిన తెలుగు లెటరింగ్ చేతిలోకి తీసుకుని, చదవడం రాకపోయినా, చాలా శ్రద్ధగా చూశారు. తర్వాత తన కలం సిరాలో ముంచి కాగితం మీద ఒక చుక్క పెట్టారు. వెదురు కలం మొన ఏటవాలుగా కోసి ఉంటుంది, దాంతో పెడితే చుక్క వజ్రం ఆకారంలో పడుతుంది. దాన్ని నుక్తా అంటారు. ఒకదాని మీద ఒకటిగా మూడు నుక్తాలు పెట్టి, పక్కన అంతే ఎత్తు అలిఫ్, అంటే ఉర్దూ మొదటి అక్షరం, నిలువు గీతలా గీశారు. ప్రతి అక్షరానికీ కొలత ఆ చుక్కే. కలం మారితే చుక్క మారుతుంది, చుక్కతో పాటు అక్షరం మొత్తం మారుతుంది. స్కేలు అక్కర్లేదు. “బేటా, మీ అక్షరాలకి కొలత ఏమిటి?” అని అడిగారు దక్కనీలో.

నా దగ్గర అంత గట్టి లెక్క లేదు. ఇంటికొచ్చాక చాలా రోజులు దాని మీదే ఆలోచించాను. చివరికి బ్రష్షు ఒక్కసారి ఆనిస్తే పడే మందాన్ని కొలతగా పెట్టుకుని, గుడి ఎత్తు, ఒత్తు లోతు, రెండు అక్షరాల మధ్య సందు, అన్నీ దాంతో చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. నా లెటరింగ్‌లో తర్వాత వచ్చిన నిలకడంతా ఆయన పెట్టిన ఆ మూడు చుక్కల చలవే. ఆ పోస్టర్ తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిలో వచ్చింది. తెలుగు ఎడమ నుంచి మొదలై, ఉర్దూ కుడి నుంచి మొదలై, రెండూ బొమ్మ దగ్గర కలిసేలా పెట్టాను. నేను చేసినవాటిలో నాకు బాగా నచ్చినవి ఏవంటే అది మొదటి వరుసలో ఉంటుంది. 1994లో ఇన్‌పేజ్ అనే ఉర్దూ సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఆ తర్వాత మెల్లమెల్లగా ఛత్తా బజార్‌లో కాతిబ్‌లకి పని తగ్గుతూ వచ్చింది.

డబ్బులు తక్కువున్న షోలకి స్క్రీన్ ప్రింటింగే దిక్కు. డబుల్ క్రౌన్ షీటు 20×30 అంగుళాలు, దాన్ని సగం చేస్తే 15×20. అదే మా పోస్టర్ సైజు. చెక్క ఫ్రేముకి నైలాన్ గుడ్డ బిగించి, బైక్రోమేట్ కలిపిన ఎమల్షన్ పూసి, చీకట్లో ఆరబెట్టి, పాజిటివ్ ఫిల్మ్ పెట్టి వెలుతురు చూపిస్తే, వెలుతురు తగిలిన చోట పూత గట్టిపడుతుంది. నలుపు కింద దాక్కున్న చోట నీళ్లు కొడితే కరిగిపోతుంది. కరిగిన దారిలోంచే రంగు దిగుతుంది. రంగుకో స్క్రీను కాబట్టి రెండు రంగుల్లో ముగించేవాళ్లం. ఆ రెండు రంగుల హద్దు నాకు చాలా నేర్పింది. అచ్చయిన కాగితాలని తాడు మీద క్లిప్పులు పెట్టి ఆరేసేవాళ్లం. రంగు దట్టంగా కూర్చుంటుంది, చేత్తో తడిమితే అక్షరం అంచు తెలుస్తుంది. ఆఫ్‌సెట్ మిషన్‌లో అచ్చేస్తే ఆ మందం ఉండదు.

ఆఫ్‌సెట్‌లో తలనొప్పి వేరే. అక్కడ నాలుగు ప్లేట్లు, సయాన్, మజెంటా, పసుపు, నలుపు. కుంకుమ ఎరుపు రావాలంటే మజెంటా నిండుగా, పసుపు నిండుగా పడాలి, సయాన్ అసలు ఉండకూడదు. కానీ పెయింటింగ్‌ని ఫోటో తీసి స్కాన్ చేసినప్పుడు ఆ ఎరుపులోకి కాస్త సయాన్ ఎలాగూ చొరబడుతుంది. ఆ కాస్తతోనే కుంకుమ ఇటుక రంగులోకి దిగిపోతుంది. మన చిత్రకారులకి ఎరుపంటే ఎంత ఇష్టమో తెలిసిందే. ఒక్క ఎరుపు కోసం సెపరేషన్ వాళ్లతో (బొమ్మని ఆ నాలుగు రంగులుగా విడదీసేవాళ్లు) ఎన్నిసార్లు మాటామాటా అనుకున్నామో. బొమ్మ పట్టుకొచ్చి ప్రూఫ్ పక్కన పెట్టి చూపించేవాణ్ణి, ఈ చీర చూడండి, మీ ప్రూఫ్ చూడండి అని. అసలు ఫోటో దగ్గరే జాగ్రత్త పడాలి. ఆయిల్ పెయింటింగ్ అయితే మెరుపు రాకుండా రెండు లైట్లూ రెండు పక్కల నుంచి నలభై ఐదు డిగ్రీల్లో పెట్టాలి, లేకపోతే చిక్కగా పూసిన రంగు మీద తెల్ల మచ్చలు పడతాయి.

ప్రెస్సులో మిషన్ మ్యాన్‌దే రాజ్యం. ఇంకు ఎంత వదలాలి, నీళ్లు ఎంత ఉండాలి అన్నది ఆయన చేతిలో ఉంటుంది. మొదటి షీట్లు వచ్చాక ట్యూబ్‌లైట్ కింద చూసి సరే అనేయకూడదు. షీటు పట్టుకుని బయట ఎండలోకి వెళ్లి చూడాలి. ట్యూబ్‌లైట్ కింద ఒప్పుగా కనిపించిన ఎరుపు ఎండలో వెలవెలబోవచ్చు. మ్యాట్ కాగితమైతే ఇంకో సంగతి. తడిగా ఉన్నప్పుడు నిగనిగలాడిన రంగు ఆరేసరికి ఒక మెట్టు దిగుతుంది. అది ముందే తెలిసి ఒక మెట్టు ఎక్కువ కొట్టించాలి. చిక్కడపల్లిలో నేను వెళ్లే ప్రెస్సు మిషన్ మ్యాన్ యాదగిరి అన్న (అసలు పేరు కాదు, ఆయనకి పబ్లిసిటీ ఇష్టం ఉండదు) ఆరిన తర్వాత రంగు ఎలా ఉంటుందో తడి షీటు చూసే చెప్పేవాడు. ఎన్నడూ గ్యాలరీలోకి వెళ్లని మనిషి, బొమ్మల మీద నాకంటే సూటిగా మాట్లాడేవాడు. “ఈయన నీలం బాగేసిండు, పచ్చకే భయపడ్డడు” అనేవాడు. ఒకసారి ఆ మాట ఆర్టిస్టుకి చెప్తే ఆయన కాదనలేదు.

పోస్టర్లు చుట్టగా చుట్టి స్కూటర్ ముందు పెట్టుకుని నేనే తిరిగేవాణ్ణి. రవీంద్రభారతి బోర్డు, కళాభవన్, మా కాలేజీ, సుందరయ్య విజ్ఞాన కేంద్రం, ప్రెస్ క్లబ్, విశాలాంధ్ర, నవోదయ పుస్తకాల షాపులు. ఆదివారమైతే ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర కొందరు స్నేహంగా గోడకి తగిలించేవారు. మైదా ఉడికించి, మైలుతుత్తం కలిపిన బంక సినిమా పోస్టర్లవాళ్ల దగ్గర తీసుకునేవాణ్ణి. ఎవరి గోడ మీదా అడక్కుండా అంటించలేదు. అడిగితే కాదన్నవాళ్లు తక్కువ. ఏం షో, ఎక్కడ, టికెట్ ఎంత అని అడిగేవారు. టికెట్ లేదు, ఎవరైనా రావచ్చు అంటే చాలామంది నమ్మేవారు కాదు. అప్పట్నుంచి ‘ప్రవేశం ఉచితం, అందరూ రావచ్చు’ అన్న లైను ప్రతి పోస్టర్‌లో పెద్దగానే వేశాను. డిజైన్ చెడిపోతుందని ఎవరైనా అన్నా తీయలేదు.

అలా వచ్చినవాళ్లలో ఒక బోర్డు పెయింటర్ ఉన్నాడు. ముషీరాబాద్ వైపు షాపు బోర్డులు, లారీల మీద పేర్లు రాసేవాడు. గ్యాలరీ అటెండర్ నన్ను పిలిచి, ఒకాయన పోస్టర్ రాసింది ఎవరని అడుగుతున్నాడు అన్నాడు. వెళ్తే, బొటనవేలి గోటి చుట్టూ ఎనామిల్ మరకలున్న సన్నటి మనిషి. కళాభవన్ గోడ మీద పోస్టర్ చూసి వచ్చాడట. “ఈ క్రావడి బ్రష్షుతో లాగలే సార్, పెన్నుతో గీసి నింపిన్రు, అవునా?” అన్నాడు. అవునన్నాను. తన సంచిలోంచి బ్రష్షు తీసి, అక్కడ టేబుల్ మీదున్న పాత కార్డు వెనక తడి బ్రష్షుతోనే ఒక్క ఊపులో త్ర రాసి చూపించాడు. క్రావడి మొదట్లో బ్రష్షు ఆనించి, తిరిగేచోట వేళ్ల మధ్య బ్రష్షుని కొద్దిగా దొర్లించి, చివర గాల్లోకి లేపాడు. ఆ దొర్లించడంలోనే ఉంది కిటుకంతా. నాతో కూడా చాలాసేపు రాయించాడు. తర్వాత లోపలికి తీసుకెళ్లి బొమ్మలు చూపించాను. ఒక ల్యాండ్‌స్కేప్ ముందు ఆగి, ఆకాశం ఎలా పూసి ఉంటారో నాకే వివరించాడు. ఆ తర్వాత ఎన్నో షోలకి వచ్చాడు. కొన్నిసార్లు తన పిల్లల్ని తీసుకొచ్చాడు. నాకు తెలిసి ఏ ఇన్విటేషన్ లిస్టులోనూ ఆయన పేరు ఎక్కలేదు.

రెండువేల తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. బోర్డులు రాసేవాళ్ల పని చూస్తుండగానే పోయింది. ఆయన కూడా ఊరు మారాడని విన్నాను. గ్యాలరీలు మాత్రం పెరిగాయి. బంజారాహిల్స్‌లో కళాకృతి, జూబ్లీహిల్స్‌లో సృష్టి, మాదాపూర్‌లో ప్రభుత్వ చిత్రమయి గ్యాలరీ. ఇప్పుడు షో అంటే ఫోన్‌లోకి వచ్చే చదరపు బొమ్మ. అదొక మంచికే అంటాను. ఖర్చు లేదు, ఖమ్మంలో ఉన్న పిల్లకీ, డాలస్‌లో ఉన్న అన్నకీ ఒకేసారి చేరుతుంది. పైగా తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, మండలి, సురవరం అని పేర్లు పెట్టి సిలికానాంధ్ర వాళ్లు వదిలారు. మేం బ్లేడుతో కోసి పేర్చిన పని ఇప్పుడు పిల్లలు నిమిషంలో చేస్తున్నారు. మరి ఇప్పుడు కూడా ఆ చదరపు బొమ్మలో తెలుగు ఎందుకు కనపడదు? ఈ ప్రశ్న మాత్రం అడక్కుండా ఉండలేను. చోటు సరిపోదంటే ఒప్పుకోను. చోటు ఎలా చేయాలో నేర్పమంటే ఇప్పుడైనా వచ్చి నేర్పుతాను.

ఈ మధ్య నా పాత పోస్టర్లన్నీ తీసి సర్దుతున్నాను. ఒక ఇబ్బంది ఎదురైంది. చాలావాటి మీద నెల ఉంది, తేదీ ఉంది, ఉదయం పదకొండు నుంచి సాయంత్రం ఏడు వరకు అని టైము కూడా ఉంది, సంవత్సరం లేదు. అప్పటి కార్డుల్లో, పోస్టర్లలో ఎక్కువగా అలాగే వేసేవారు, వారం రోజుల షోకి సంవత్సరం దేనికని. ఇప్పుడు ఏ ఆర్టిస్టు ఏ ఏడు ఏ బొమ్మలు పెట్టాడో పోల్చుకోవాలంటే ఈ కాగితాలే దిక్కు. రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి గ్యాలరీకి వెళ్తే, 1925లో ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండా పోయిన మనిషి బొమ్మలు ఇంకా మన కళ్ల ముందు ఉంటాయి, ఎవరో ఒకరు భద్రం చేశారు కాబట్టి. షో పోస్టర్లని, కార్డులని అలా భద్రం చేసినవాళ్లు తక్కువ. నేను నా వాటి వెనక పెన్సిల్‌తో సంవత్సరం, ప్రెస్సు, కాగితం, రాసింది ఎవరు అన్నవి తెలిసినంత వరకు రాస్తున్నాను. తెలియని వాటికి పాత పేపర్లలో షో వార్తలు వెతుకుతున్నాను.

మీ ఇళ్లలో, మీ నాన్నగారి ఫైళ్లలో, తాతగారి ట్రంకుపెట్టెల్లో ఆ రోజుల హైదరాబాద్, విజయవాడ, విశాఖ, రాజమండ్రి ప్రదర్శనల పోస్టర్లు, కార్డులు ఉంటే దయచేసి చిత్తుకాగితాలవాడికి వేయకండి. మడత పెట్టకండి, చుట్టగా చుట్టి గొట్టంలో పెట్టండి లేదా రెండు అట్టల మధ్య పరచి ఉంచండి. సెల్లోటేపు వద్దు, కొన్నేళ్లకి పచ్చబడి కాగితాన్ని తినేస్తుంది. వీలైతే రెండువైపులా ఫోటో తీసి, షో ఎప్పుడు జరిగిందో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి పక్కన రాసి పెట్టండి. అక్షరాలు చేత్తో రాసినవైతే నాకు తప్పకుండా పంపండి. ఎవరి చెయ్యో నేను చాలావరకు గుర్తుపట్టగలను.